రెండు డిస్కులు, ఒక గొంతు

"పోతే పోయాయి, మళ్ళీ చదివేసుకో. ఇంట్లోనేగా ఉంటావు" అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. పోయినవి మూడు పుస్తకాలు. చూపులేని పిల్లల బడి కోసం, వంటకీ అత్తగారి పిలుపులకీ మధ్య దొరికిన అరగంటల్లో, కిటికీకి దుప్పటి కట్టి ఆమె చదివి రికార్డు చేసినవి. కంప్యూటర్ మొరాయిస్తే "ఒకసారి ఫార్మాట్ కొట్టి చూద్దాం" అని తుడిచిపెట్టింది ఆయనగారే.

బడి ప్రిన్సిపాల్ మంచిది. "ఇంకోసారి పోవని మాటిస్తే ఏడాది పొడుగునా పని మీకే, జీతంతో" అంది. జీతం అన్న మాటకి ఆమె గుండె ఎగిరి గంతేసింది. వెంటనే రెండు డిస్కులు కొంది. ఒకే రికార్డింగు రెండింట్లోనూ పడుతుంది, ఒకటి చచ్చినా రెండోది బతికుంటుంది. ఆ పని కంప్యూటర్లో ప్రత్యేకంగా బిగించే ఒక కార్డు చేత చేయించాలా, కంప్యూటర్ని నడిపే లైనక్స్ సాఫ్ట్‌వేర్‌కే అప్పగించాలా అన్నదే తేలలేదు.

"కార్డే పెట్టించు. మా ఆఫీసులో అదే" అన్నాడు భర్త.

"కార్డు పాడైతే?"

"అలాంటిదే ఇంకోటి తెస్తాను. నేను చూసుకుంటాను కదా."

ఆ చూసుకోవడం ఆమెకి కొత్త కాదు. ఆమె డిగ్రీ సర్టిఫికెట్లని కూడా పన్నెండేళ్ళుగా ఆయన బీరువాలో ఆయనే చూసుకుంటున్నాడు. ఆమె కూర్చుని ఆ రెండు పద్ధతుల గురించీ చదివింది. కార్డు పోతే, డిస్కులు నిక్షేపంలా ఉన్నా, చాలాసార్లు అదే రకం కార్డు దొరికేదాకా పడిగాపులు కాయాలట. లైనక్స్ కలిపిన జతనైతే ఏ లైనక్స్ కంప్యూటర్‌కి తగిలించినా తెరుచుకుంటుందట. ఆయన బీరువా గుర్తొచ్చి ఆమెకి పట్టరాని నవ్వొచ్చింది.

శనివారం తనే కూర్చుని రెండు డిస్కులనీ లైనక్స్‌తోనే జత కలిపింది. కొత్త రికార్డింగు ఒకటి వినిపిస్తుండగా, ఒక డిస్కు కేబుల్ పీకేసింది. గొంతు ఆగలేదు.

"ఎవరే ఆ చదివేది? ఎంత హాయిగా ఉందో" అంటూ వచ్చింది అత్తగారు.

"నేనే అత్తయ్యా."

పెద్దావిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆపకు మరి" అంది. ఆ పూట వంట ఆలస్యమైంది, ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం భర్త చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "పాస్‌వర్డ్ చెప్పు, సరిగ్గా ఉందో లేదో నేనోసారి చూస్తాను."

జతలో ఉన్న చిక్కు ఆమెకి తెలుసు. ఒక దాంట్లో చెరిపితే ఆ క్షణానే రెండో దాంట్లోనూ చెరిగిపోతుంది. అందుకే ముందే ఆలోచించి పెట్టింది.

"మీకు వేరే అకౌంటు పెట్టానండీ" అంది నవ్వుతూ. "ఎంతసేపైనా వినొచ్చు. చెరపడమే కుదరదు."