అనంతమ్మ కడుపులో చెరువు

పొద్దున్నే చెరువు కావలికి పోయేవాళ్లు బాలనర్సింహ ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగి పోతారు. రెండేళ్లుగా అదే అలవాటు. గడప దగ్గర కూర్చుని పళ్లు తోముకుంటున్న అతని భార్య అనంతమ్మను, "నీళ్లెట్లున్నయ్ వదినా?" అని అడుగుతారు. ఆమె పొట్ట మీద చేయి వేసుకుని చూసి, "నిన్నటికంటే రెండు వేళ్లు ఎక్కినయ్," అని వేళ్లు చూపిస్తుంది. వాళ్లు తలూపి కట్ట దిక్కు నడుస్తారు. పోయి చూస్తే నీళ్లు సరిగ్గా అంతే ఎక్కి ఉంటాయి.

అనంతమ్మ కడుపులో నీరు చేరడం మొదలైన నాటి నుంచి ఇంతే. వానలకు చెరువు నిండితే ఆమె పొట్ట బిగుస్తుంది, ఎండలకు చెరువు తగ్గితే కాస్త సడలుతుంది. అండాశయంలో పుట్టిన క్యాన్సర్ కడుపు పొరంతా పాకిందని పట్నం దవాఖానలో చెప్పారు. అక్కడ గొట్టం పెట్టి నీళ్లు తీసిన రోజున ఇక్కడ ఇబ్రహీంపట్నంలో చెరువు మూరెడు దిగిపోయింది. చెరువు కింద వరి వేసిన ఇద్దరు రైతులు చూడటానికి వచ్చి, అరటిపళ్లు ఇచ్చి, నాట్లు అయ్యేదాకా మళ్లీ తీయించుకోవద్దని మర్యాదగా చెప్పి పోయారు.

నరానికి మందు ఎక్కించిన రోజుల్లో నత్తలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. చేపల సంఘం పెద్ద మల్లేశ్ వాటిని తట్టకెత్తి పూడ్చాడే గాని ఒక్క మాట అనలేదు. ఏదో ఒకటి అని ఉంటేనే బాలనర్సింహకు బాగుండేది.

అతను బాగా అలసిపోయాడు. దవాఖానకు పోయే బస్సు మన్నెగూడ చేరకముందే నిద్రపోతాడు. అతని తల ఏ కిటికీకి ఆనుతుందో కండక్టర్లకు కూడా తెలుసు. వలలు అల్లే చేతులు ఇప్పుడు మాత్రలు విప్పడానికే సరిపోతున్నాయి.

ఆ వారం డాక్టరు ఉమారాణి కొత్త మాట చెప్పింది. "పొట్ట తెరిచి గడ్డలన్నీ తీసేస్తాం. కంటికి కనపడనివి ఎలాగూ మిగులుతాయి. అందుకని అక్కడే, క్యాన్సర్ మందును నలభై రెండు డిగ్రీలకు వేడి చేసి కడుపులో పోసి, గంటకు పైగా తిప్పుతాం. వేడికి మందు గట్టిగా పని చేస్తుంది."

"ఆ వేడి బయటికి పోదా మేడం?"

"ఒళ్లు కాగిపోకుండా చల్లబరుస్తూ ఉంటాం. భయపడకు."

ఆమె ఒంటి గురించి చెప్పింది. అతను అడిగింది చెరువు గురించి.

వానాకాలంలో వదిలిన బొచ్చె, రవ్వ చేపపిల్లలు ఇంకా జానెడు కాలేదు. ఎండలు ముదిరి నీళ్లు తగ్గాక సంఘమంతా కూర్చుని రోజు ఖాయం చేసుకుంటుంది. ఆ రోజు అందరూ కలిసి వల వేస్తారు. ఈలోపు చెరువుకు చెరుపు చేసినవాణ్ణి ఏడాది పాటు నీళ్లలో దిగనివ్వరు. ముందే పోయి అడిగితే ఏదో ఒక దారి చూసేవాళ్లేమో. కానీ వద్దంటే? ఆ మాట విన్నాక ఏ మొహం పెట్టుకుని దవాఖానకు పోవాలి? బాలనర్సింహ రెండుసార్లు మల్లేశ్ ఇంటి దాకా పోయి, తలుపు కొట్టకుండానే తిరిగి వచ్చాడు.

"చేపలు పట్టినంక చేయించుకుంట. గప్పటిదాంక ఆగుత," అంది అనంతమ్మ.

"ఆగొద్దన్నది డాక్టరమ్మ."

"మరి సంఘంల చెప్పినవా?"

"చెప్పిన."

"మల్లేశ్ ఏమన్నడు?"

"కానియ్యమన్నడు."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఇన్నేళ్ల కాపురంలో అతని అబద్ధం ఆమె దగ్గర ఏనాడూ దాగలేదు. ఈసారి నిలదీసే ఓపిక ఆమెకూ లేదు. గోడ దిక్కు తిరిగి పడుకుంది.

ఆపరేషన్ రోజు మధ్యాహ్నం నర్సు బయటికి వచ్చి, గడ్డలు తీయడం అయిందని, వేడి మందు పోస్తున్నారని చెప్పింది. కాసేపటికే బాలనర్సింహ ఫోన్ మోగింది. మల్లేశ్.

"అన్నా, చెరువు కాగుతుంది," అన్నాడు. వెనక మనుషుల కేకలు వినిపిస్తున్నాయి. "కట్ట పొడుగునా ఆవిరి లేస్తుంది. చేపలు మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయ్. వదినకు ఇయ్యాల ఏమన్న చేస్తున్నరా?"

"అవ్."

"నాకెందుకు చెప్పలే?"

"వద్దంటరేమోనని, తమ్మీ."

"నిన్న చెప్పినా వల ఏసేటోళ్లం. అందినన్ని తీసి పక్క కుంటల ఇడిచేటోళ్లం. ఇప్పుడు చేపపిల్లలన్నీ నా కాళ్లకాడ తేలుతున్నయ్. అందరి నోటికాడి కూడు గదనే ఇది."

బాలనర్సింహ లేచాడు. రెండేళ్లుగా మోస్తున్నదంతా ఒక్కసారిగా మోయలేనిదైంది. పోయి ఆపరేషన్ గది తలుపు మీద చేయి వేశాడు. "ఆపమని చెప్త తమ్మీ. తలుపు కాడనే ఉన్న."

"ఏందీ ఆపేది?" మల్లేశ్ కసిరాడు. "నడుమల ఆపితే చేపలు పాయె, వదిన పాయె. పూర్తిగ కాగనియ్. ముందుగాల ఆ తలుపు కాడినుంచి పక్కకు జరుగు."

బాలనర్సింహ జరిగాడు. మల్లేశ్ ఫోన్ పెట్టలేదు. బర్రెలను నీళ్లలోకి దిగనియ్యొద్దని, అవతలి ఒడ్డున కూడా కాపలా నిలబడమని ఎవరికో చెబుతున్నాడు. ఆ గంట పైచిలుకూ ఇద్దరూ ఫోన్లు చెవికి పెట్టుకునే ఉన్నారు.

చివరికి ఉమారాణి వచ్చింది. "అయిపోయింది. వేడి ఒక్క మూల కూడా వదలకుండా సమంగా పట్టింది. ఇంత బాగా పట్టడం నేనెప్పుడూ చూడలేదు," అని చెప్పి, అలసటగా నవ్వి వెళ్లింది.

"విన్న," అన్నాడు మల్లేశ్ ఫోన్లో. "సంఘం కట్టుబాటు కట్టుబాటే అన్నా. ఏడాదిదాంక నువ్వు చెరువుల దిగేది లేదు. ఇంటి పట్టునుండి వదినకు వండిపెట్టు."

"సరే తమ్మీ," అన్నాడు బాలనర్సింహ, కళ్లు తుడుచుకుంటూ. అతనికి అన్నం వార్చడం కూడా రాదు. అనంతమ్మ కళ్లు తెరిచాక అడిగి నేర్చుకోవాలి.