కాంటన్ రైలుకు ఎల్లారెడ్డి సాక్షి

ఏసయ్య పదకొండేళ్లు చైనాలో ఉన్నాడు. కాంటన్ నుంచి హాంకాంగ్ వైపు పోయే రైల్వేలో ఒక ఇంజనీరు దొరకు వంట చేశాడు. దొర జ్వరంతో పోయాక ఎల్లారెడ్డికి తిరిగొచ్చాడు.

1938 ఎండాకాలంలో, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి రైలు వేస్తే గిట్టుబాటవుతుందా అని చూడటానికి ఒక అధికారి వస్తున్నాడని తెలిసింది. స్టేషన్ తన చెలకలోనే కడతారని పటేలు హన్మండ్లుకు గట్టి నమ్మకం. ఏసయ్యను పిలిపించాడు.

"చైనాల రైలొచ్చినంక ఊర్లు ఎట్ల బాగుపడ్డయో సాబుకు చెప్పు. వంట ముచ్చట్లు వద్దు."

"ఉన్నదే చెప్పాల్నా, పటేలా?"

"ఉన్నదాంట్ల మంచిది చెప్పు."

అధికారి చావడిలో కూర్చుని చాయ్ తాగుతూ అడిగాడు. "మీ చైనా రైలుకు లాభం వచ్చిందా?"

"యాడికెల్లి వస్తది సాబ్? పక్కపొంటే ఏట్ల పడవలు. కిరాయి అగ్గువ. పందులను గూడ ఎక్కనిస్తరు."

"మరి రైలు ఎవరెక్కేవాళ్లు?"

"చూసేటోళ్లే ఎక్కువ. ఒక్క పీనుగులే నమ్మకంగ వచ్చేటియి. చైనోళ్లను యాడ సచ్చినా సొంతూర్లనే పూడ్చాలె. సచ్చినోళ్లే నయం, టికెట్ లేకుండ ఎక్కరు అనేటోడు మా దొర."

అధికారి నవ్వాపుకుంటూ పటేలు వైపు తిరిగాడు. "ఇక్కడి పీనుగులు కామారెడ్డి పోతాయా?"

"ఇప్పటిదాంక పోలే సాబ్," అన్నాడు పటేలు చేతులు కట్టుకుని. "మీరు రైలు వేస్తే పంపిస్తం."

వానలు పడ్డాక జవాబు వచ్చింది. లైను గిట్టదట. పటేలు ఏసయ్యతో మాట్లాడటం మానేశాడు. ఏసయ్యకు మనసున పట్టలేదు. రైలు రావాలని అతనికీ ఉండేది. నెల రోజులు చూసి తానే పటేలు ఇంటికి పోయాడు.

"తప్పయింది పటేలా. సాబు అడిగిందే చెప్పిన."

పటేలు చుట్ట ముట్టించి సగందాకా తాగాడు. ఆఖరికి అడిగాడు. "ఆ చైనా రైలు ఇప్పుడన్న నడుస్తున్నదా?"

"మస్తు నడుస్తున్నదట. పేపర్ల రాసిన్రని మా పాస్టరు చెప్పిండు. జపానోళ్లతోని లడాయి గద. తుపాకులు, మందుగుండు అంత దాంట్లనే పోతున్నయట. జాగ దొరుకుతలేదట."

పటేలు ముఖంలోకి కొద్దిగా కళ వచ్చింది. గొంతు తగ్గించాడు.

"మన దిక్కు లడాయి ఎప్పుడొస్తది, ఏసయ్యా?"

అంత ఆశగా అడిగిన మనిషిని చూసి ఏసయ్యకు నవ్వబుద్ధి కాలేదు.

"వస్తది పటేలా," అన్నాడు. "జర ఓపిక పట్టాలె."