నూనె చుక్క చెదరని శనివారం

అనెస్తీస్ కడుపులో ఉన్నప్పుడే వాళ్ళమ్మను తన్నీ తన్నీ ఫుట్‌బాల్ ఫార్వర్డ్ అయ్యాడని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను నమ్మను. కడుపులో తన్నని బిడ్డ ఎక్కడుంది? నా మనవడు ఫార్వర్డ్ అయింది పక్కింటి లాంబోస్ కోళ్ళగూటి తలుపు వల్ల. తెల్లారిందంటే దానికి గురిపెట్టి బంతి కొట్టేవాడు. కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. లాంబోస్ కేకలేసుకుంటూ వచ్చేవాడు, నేనిచ్చిన కాఫీ తాగేవాడు, "పిల్లాడి కాలు మంచిదే పార్థెనా వదినా, మా తలుపుదే తప్పు" అని వెళ్ళిపోయేవాడు.

పదిహేనో ఏట వాణ్ణి థెస్సలొనీకి నగరంలో పెద్ద జట్టువాళ్ళ శిక్షణకు అప్పగించి వచ్చాం. బస్టాండులో వాడు ఏడవలేదు, వాళ్ళ నాన్న ఏడ్చాడు. వాళ్ళ నాన్నంటే నా కొడుకు లాజరోస్. అక్కడినుంచి వాడు తిరగని చోటు లేదు. మొదట మా గ్రీసులోనే ఒక దీవి జట్టుకు ఆడాడు. గాలి ఎక్కువై ఓడ రాకపోతే అక్కడ ఆ వారం ఆటే లేదట. తర్వాత పెద్ద డివిజన్‌కు వెళ్ళాడు, తర్వాత సైప్రస్, ఆ తర్వాత పోలండ్. పేపర్లో ఫొటో పడ్డప్పుడల్లా లాంబోస్ కత్తిరించి తన కాఫీ కొట్టు గోడకు అంటించేవాడు. గోడ నిండిపోయాక ఫ్రిజ్ తలుపుకు అంటించడం మొదలుపెట్టాడు.

ఎక్కడున్నా, మ్యాచ్‌కు ముందు వాడి ఫోన్ వచ్చేది. "నానమ్మా, ఒకసారి చూడు" అనేవాడు. నేను చిన్న గిన్నెలో నీళ్ళు పోసి, శిలువ గుర్తు వేసుకుని, వేలితో ఆలివ్ నూనె చుక్క వదిలి, మా పెదనాన్న నేర్పిన మాటలు పెదవి కదలకుండా అనుకునేదాన్ని. చుక్క చెదిరి నీళ్ళలో కలిసిపోతే దిష్టి తగిలినట్టు. అప్పుడు నాకు ఒకటే ఆవలింతలు, కళ్ళవెంట నీళ్ళు. వాడికి తగిలింది నా మీదుగా బయటికి పోయేది. చుక్క గుండ్రంగా నిలిస్తే ఏమీ లేనట్టు. అక్కడ పోలండ్‌లో మంచు కురుస్తుంటే ఇక్కడ మా వంటింట్లో కూర్చుని దిష్టి తీసేదాన్ని. మా కోడలు సిమెలా నవ్వేది. "అత్తయ్యా, కాస్త ఆ ఫోన్ బిల్లుకు కూడా తీయండి!"

ఆ పోలండ్‌లోనే, రాయిలా గడ్డకట్టిన మైదానం మీద, వాడి మోకాల్లో లిగమెంటు తెగింది. ఆపరేషన్ అయింది. చాలాకాలం చేతికర్రలు, ఆ తర్వాత వ్యాయామాలు. మోకాలు బాగుపడేసరికి వాడికి ముప్పై మూడు నిండాయి, పాత జట్లు ఫోన్ ఎత్తడం మానేశాయి. చివరికి మా పక్క పట్నం జట్టు ఒక్క సీజన్‌కు తీసుకుంది. రెండో డివిజనే అయినా ఇంటి నుంచి సైకిలు దూరం. ఆ రోజు లాంబోస్ కొట్లో ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు.

చలికాలం రాకముందు గోల్స్ కొట్టాడు. ఆ తర్వాత, కొళాయి కట్టేసినట్టు ఆగిపోయాయి.

కాఫీ కొట్లో తేల్చేశారు, ఇది దిష్టి అని. నీలి కళ్ళవాళ్ళెవరో చూసి ఉంటారన్నాడు లాంబోస్, వాళ్ళ దిష్టి గట్టిదని మావాళ్ళ నమ్మకం. మా ఊళ్ళో నీలి కళ్ళు మా చర్చి ఫాదర్‌కూ, మాలో ఫాదర్లు పెళ్ళి చేసుకుంటారు కాబట్టి, వాళ్ళావిడకూ తప్ప ఎవరికీ లేవు. ఆయన చెవిన పడనే పడింది.

"ప్రతి ఆదివారం మిమ్మల్నందరినీ చూసేది ఈ కళ్ళతోనే కదయ్యా! ఇన్నేళ్ళలో ఎవరైనా చచ్చారా?" అని కొట్టు గుమ్మంలో నిలబడి అరిచారు.

"ఆరోగ్యంగా ఏమీ లేం ఫాదర్," అన్నాడు లాంబోస్.

వాళ్ళు నవ్వుకున్నారు గానీ అనెస్తీస్ నవ్వలేదు. దిష్టి తగలకుండా బనీను తిరగేసి తొడుక్కునేవాడు. మేజోళ్ళలో నీలం పూసలు దాచేవాడు. సంచిలో వెల్లుల్లి గడ్డలు పెట్టుకుంటే, బస్సులో పక్క సీటువాళ్ళు లేచి వెళ్ళిపోయారట. లాంబోస్ కొట్టు వైపు వెళ్ళడం మానేశాడు. ఎవరైనా "భలే ఆడావురా" అంటే చాలు, తల వంచుకుని తప్పుకునేవాడు. మైదానంలోనూ అదే వరస. నేను స్టాండులో కూర్చుని చూస్తున్నాను కదా, మునుపు బంతి కోసం గొంతు చించుకునేవాడు, ఇప్పుడు అడగడమే లేదు. అడిగితే అందరూ తన వైపు తిరుగుతారు. ఒక మూల డిఫెండర్ల వెనక నిలబడి, ఎండలో గొడుగు మరిచిపోయిన మనిషిలా ఉండేవాడు.

కోచ్ వ్రెట్టోస్ పత్రాస్ ఊరి మనిషి, మాట పొదుపు. ఏప్రిల్‌లో వాణ్ణి పక్కకు పిలిచి, "ఆఖరి మ్యాచ్ దాకా చూస్తాను అనెస్తీ. ఆ తర్వాత నావల్ల కాదు" అన్నాడు. అప్పటికే వాడి చోటు స్టెర్యోస్ అనే కుర్రాడికి ఇచ్చాడు, ఇరవై ఏళ్ళవాడు, తాటిచెట్టంత పొడవు. ఈ పట్నం జట్టు కూడా వద్దంటే ఇక అడిగే జట్టు లేదు. ఆట అయిపోయినట్టే. లాజరోస్ ఓదార్చబోయి, "పీచ్ తోట ఎక్కడికీ పోదురా, నీకోసం ఉంటుంది" అన్నాడు. మా లాజరోస్‌కు ఓదార్చడం ఎప్పుడూ చేతకాదు. అనెస్తీస్ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆఖరి మ్యాచ్‌కు ముందురోజు, శనివారం మధ్యాహ్నం, వాడే వంటింట్లోకి వచ్చాడు. నేను గోధుమరవ్వ, పుదీనా వేసి పెరుగు చారు కాస్తున్నాను. గిన్నె తనే తీసి నీళ్ళు పట్టి నా ముందు పెట్టాడు.

చుక్క వదిలాను. కందిపప్పు బద్దలా గుండ్రంగా నిలిచింది.

"మళ్ళీ వెయ్యి," అన్నాడు.

వేశాను. రెండూ పక్కపక్కన నిలిచాయి.

"నూనె పాతదేమో."

"నిన్న తెరిచిన సీసా."

"మరి నీళ్ళు?"

"నీళ్ళు కూడా పాతబడతాయట్రా? నువ్వే పట్టావుగా!"

"నీకు ఆవలింతలు రావట్లేదా నానమ్మా?"

"రావట్లేదు నాయనా. నీకు దిష్టి లేదు."

సంతోషిస్తాడనుకున్నాను. వాడు స్టూలు మీద కూలబడ్డాడు. మొహంలో రక్తం లేదు.

"దిష్టయితే నువ్వు తీసేస్తావు," అన్నాడు. "దిష్టి లేదంటే ఇక మిగిలింది ఈ మోకాలు, ఈ వయసు. వాటిని ఎవరు తీస్తారు?"

ఇన్ని నెలలూ వీడు దిష్టికి భయపడుతున్నాడనుకున్నాను నేను. కాదు, దిష్టినే పట్టుకుని వేలాడుతున్నాడు. ఉందని ఒక్క మాట అంటే ఆ పూటకు కుదుటపడేవాడు. కానీ గిన్నె ముందు కూర్చుని అబద్ధం చెప్పలేను. చెప్పినా, మళ్ళీ ఆ డిఫెండర్ల వెనకే దాక్కుంటాడు.

దిష్టి తీసే ఆ మాటలు ఆడది మగవాడికి, మగవాడు ఆడదానికి మాత్రమే అప్పగించాలి. ఆడది ఆడదానికిస్తే పనిచేయవు, అందుకే సిమెలాకు ఇవ్వలేకపోయాను. అప్పగించినవాళ్ళ దగ్గర ఆ బలం ఇక ఉండదు. మా పెదనాన్న నాకిచ్చిన రోజు నుంచి మళ్ళీ ఎవరికీ తీయలేదు. లాజరోస్‌కు ఇవన్నీ నవ్వులాట. మంట తగ్గించి వాడి పక్కన కూర్చున్నాను.

"చెవి ఇలా తే."

ఎందుకో అర్థమై వాడు లేచి నిలబడ్డాడు. "వద్దు! నువ్విచ్చేస్తే మరి నాకెవరు తీస్తారు? ఎవరిది వాళ్ళు తీసుకోకూడదుగా!"

"నీకు లేదని ఇప్పుడే చూశాం కదరా."

"రేపు తగిలితే?"

"తగలనీ! ఎవరో ఒకరు నిన్ను చూస్తున్నారన్నమాటేగా. ఫార్వర్డ్‌వి, ఎవరూ చూడకూడదంటే ఎలారా? అలాంటప్పుడు మీ నాన్నతో తోటలోకి పో, అక్కడ చెట్లు తప్ప నిన్నెవరూ చూడరు."

కిటికీ దాకా వెళ్ళాడు. ఎప్పటికో వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బాగుచేసిన మోకాలు కటుక్కుమంది. వాడి చెవిలో ముమ్మారు చెప్పాను. ఆ మాటలు ఇక్కడ రాయను, రాయకూడదు. చెప్పడం అయిపోయాక నా ఒళ్ళు తేలికగా అనిపించింది. కాస్త దిగులుగా కూడా ఉంది, అది వేరే సంగతి.

"ఇప్పుడు చారు తాగు," అన్నాను. తాగాడు.

ఆదివారం ఊరంతా స్టేడియానికి కదిలింది. లోపల గదిలో జరిగింది నాకు తర్వాత స్టెర్యోసే చెప్పాడు. పొద్దున్నుంచి తల పగిలిపోతోందట వాడికి. బూట్ల లేసులు కూడా కట్టుకోలేకపోయాడట. డాక్టరు మాత్ర ఇచ్చినా తగ్గలేదు. అనెస్తీస్ అటూ ఇటూ చూసి వచ్చి పక్కన కూర్చున్నాడట.

"నిన్నెవరైనా మెచ్చుకున్నార్రా?"

"అందరూ మెచ్చుకుంటున్నారన్నా. రేడియోలో కూడా చెప్పారు."

"అదీ సంగతి. కదలకు."

మర్దన చేసే మనిషి దగ్గర కర్పూర తైలం తప్ప ఏమీ లేదు. క్యాంటీన్‌కు మనిషిని పంపి, సలాడ్ మీద పోసే నూనె తెప్పించి, కాఫీ కప్పులో నీళ్ళు పోసి కూర్చున్నాడు. చుక్క పడీపడగానే ముక్కలైపోయిందట. అనెస్తీస్‌కు ఒకటే ఆవలింతలు, కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడట. కోచ్ తలుపు తీసి చూసి, "వీడేంటి, ఇప్పుడే నిద్రపోతున్నాడు?" అన్నాడట. స్టెర్యోస్ లేచి లేసులు తనే కట్టుకున్నాడు.

మొదటి సగం అనెస్తీస్‌ది బెంచి. అవతలివాళ్ళు ఒక గోల్ కొట్టారు. స్టెర్యోస్ బాగానే పరిగెత్తాడు గానీ, బంతి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు డిఫెండర్లు చెరోవైపు అతుక్కుపోయేవారు. హాఫ్‌టైం అయ్యాక కోచ్ మావాణ్ణి కూడా పంపాడు. వాడు గీత దాటుతుండగా మా వెనక వరసలోంచి ఒకడు అరిచాడు.

"తాతా, తొందరగా! పింఛను ఆఫీసు మూసేస్తారు!"

నేను వెనక్కి తిరిగాను. "నిన్ను భోజనానికి పిలిచినప్పుడు తప్ప ఎప్పుడైనా పరిగెత్తావురా, బొండాం!"

"అత్తయ్యా, కూర్చోండి," అంది సిమెలా.

కూర్చోబోతుండగా ఒక గొంతు వినపడింది. ఎన్ని నెలలైందో ఆ గొంతు విని. "ఇటు! ఇటురా! నాకివ్వరా, చూస్తావేంటి!" రెండు చేతులూ పైకెత్తి, మైదానం నడిబొడ్డున, ఎండలో, అందరి కళ్ళ ముందూ నిలబడి అరుస్తున్నాడు మావాడు. స్టేడియం మొత్తం అటు తిరిగింది. అవతలి డిఫెండర్లు కూడా తిరిగారు. ఈ అరిచేవాణ్ణి ఆపాలి కదా! ఇద్దరూ వచ్చి మీద పడ్డారు. వాడు గోల్‌కు వీపు పెట్టి, వాళ్ళిద్దరినీ మోస్తూ నిలబడి, వచ్చిన బంతిని మడమతో పక్కకు తోశాడు. అక్కడ స్టెర్యోస్ ఒంటరిగా ఉన్నాడు. గోల్‌కీపర్ ఇంకా అనెస్తీస్‌నే చూస్తున్నాడు, బంతి వల్లో పడింది.

లాంబోస్ నా చేయి పట్టుకుని గంతులేశాడు. చేయి రెండు రోజులు నొప్పి పుట్టింది.

ఆఖర్లో మావాడికీ ఒక అవకాశం వచ్చింది. ఎంతో ఎత్తుకు ఎగిరి తలతో కొట్టాడు. బంతి పై కమ్మీకి తగిలి ఎటో పోయింది. అందరూ తలలు పట్టుకున్నారు. వాడు మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని, ఆ కమ్మీని చూసి నవ్వాడు. ఒకటి–ఒకటి, అంతటితో అయిపోయింది. గోల్ కొట్టలేదు.

మంగళవారం కోచ్ మా ఇంటికి వచ్చాడు. ద్రాక్షపందిరి కింద కూర్చోబెట్టి వడ్డించాను. కబురేదైనా ఆకలితో వినకూడదు, చెప్పకూడదు. ఆయన ఒక పళ్ళెం ఖాళీ చేసి గానీ నోరు విప్పలేదు.

"ఇంకో ఏడాది ఉండు," అన్నాడు అనెస్తీస్‌తో.

"నేను గోల్ కొట్టలేదుగా కోచ్."

"నేను గోల్ అడిగానా? ఫార్వర్డ్‌ని అడిగాను. చలికాలమంతా వెతికాను, మైదానంలో నువ్వు నాకు కనపడలేదు. ఆదివారం కనపడ్డావు. నువ్వు అటు లాగితే స్టెర్యోస్‌కు చోటు దొరుకుతోంది. ఇద్దరూ కావాలి నాకు." రొట్టెముక్కతో పళ్ళెం తుడిచాడు. "మొదటి సగం మాత్రం బెంచి మీద. మోకాలు నిలవాలి కదా."

సిమెలా శిలువ గుర్తు వేసుకుంది. లాజరోస్ గ్లాసులు నింపుతూ త్సిపురో సారా బల్ల మీద ఒలకబోశాడు. అనెస్తీస్ మాత్రం కనుబొమలు ముడిచాడు.

"బెంచి మీదా? అలా కూర్చుంటే కాళ్ళు చల్లబడిపోతాయి కోచ్. గీత పక్కన పరిగెత్తనివ్వాలి నన్ను."

"పరిగెత్తు, ఎవరొద్దన్నారు?"

"హాఫ్‌టైం కాదు, దానికి కాస్త ముందే దింపాలి. అవతలి డిఫెండర్లు అప్పుడే అలిసిపోతారు."

"ఎప్పుడు దింపాలో నేను చూసుకుంటాను."

"ఇంకోటి, స్టెర్యోస్ ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతున్నాడు. వాడితో నేను మాట్లాడాలి."

"పెద్దమ్మా," అని కోచ్ నా వైపు తిరిగాడు, "మీ మనవడు ఇంకా సంతకం పెట్టనేలేదు, అప్పుడే నా ఉద్యోగం లాక్కుంటున్నాడు చూడండి!"

"తినండి బాబూ," అన్నాను. వాడు అప్పటికే రొట్టెముక్కల్ని ఆటగాళ్ళలా బల్లంతా పరుస్తున్నాడు. ఎవరు ఎక్కడ నిలబడాలో, బంతి ఎటునుంచి రావాలో చెప్పుకుపోతున్నాడు. కోచ్ ఒక ముక్క వెనక్కి జరిపితే వాడు మళ్ళీ ముందుకు జరిపాడు. నేను లోపలికి వెళ్ళి ఇంకో రొట్టె తెచ్చాను.