చీర అంచు కట్టిన సంచులు

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషని ఆమెకు పుట్టింట్లోనే పేరు. పెళ్ళయ్యాక మొగుడు దాన్ని కుదించి 'ఆరాలమ్మ' అన్నాడు. పరాయి దేశం వచ్చి ఇన్నేళ్ళయినా ఆ పేరూ పోలేదు, ఆ గుణమూ పోలేదు. ఆమె పనిచేసేది పళ్ళ డాక్టర్లకు కట్టుడుపళ్ళు తయారుచేసి పంపే చోట. రోజంతా ప్లాస్టర్ అచ్చుల ముందు కూర్చుని, ఈ పన్ను ఒకవైపే ఎందుకరిగింది, ఈ మనిషి నిద్రలో ఎవర్ని తలుచుకుని పళ్ళు కొరుకుతున్నాడు అని ఆలోచించడం ఆమెకు జీతంతోపాటు దొరికే సుఖం.

అలాంటి మనిషి తలుపును ఒకరోజు కింద అంతస్తు బస్సావిడ తట్టింది. సిటీ బస్సు నడిపి నడిపి రిటైరైన పెద్దావిడ. గొంతు ఇంకా చివరి సీటు దాకా వినబడేలా ఉంటుంది.

"శనివారం పొద్దున కాలువ గట్టు మీద చెత్త ఏరుతున్నాం. మీరూ రాకూడదూ?"

"ఎవరు ఏరమన్నారు?" అంది ఆరాలమ్మ.

"ఎవరూ అనలేదు. మేమే ఏరుతున్నాం."

ఆ జవాబుతో ఆరాలమ్మ అనుమానం రెట్టింపయింది. రాత్రి భోజనాల దగ్గర మొగుడితో అంది. "ఊరికే చెత్త ఏరేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? ఇందులో ఏదో ఉంది."

మొగుడు లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏ విషయాన్నయినా పైకా కిందకా అని తేల్చేస్తాడు. "ఇష్టముంటే వెళ్ళు, లేకపోతే మానెయ్."

"మనలాంటి వాళ్ళే చెత్త పారేస్తారని, మనచేతే తీయిద్దామని చూస్తున్నారేమో!"

"అయితే వెళ్ళకు."

"వెళ్ళకపోతే నిజంగా మనమే పారేశామనుకోరూ?"

అతను కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆరాలమ్మ శనివారం వెళ్ళింది.

వెళ్ళాక ఆ పని ఆమెకు తెగ నచ్చేసింది. చివర రెండు ఇనుప వేళ్ళున్న పట్టుకర్ర ఒకటి చేతికిచ్చారు. దాంతో గడ్డిలోంచి ఒక్కొక్కటీ పైకి లాగుతుంటే పళ్ళ అచ్చుల్లోలాగే ఇక్కడా మనుషులు దొరికారు. ఒక బెంచీ కింద ఎప్పుడు చూసినా చాక్లెట్ కాగితాలే, గోరంత మడతలుగా మడిచి చెక్కల సందుల్లో దూర్చి. ఎవరో ఇంట్లో తెలియకుండా తింటున్నారు! వారంలో ఆ పూట కోసం ఆమె ఎదురుచూడటం మొదలుపెట్టింది.

వచ్చిన చిక్కల్లా వంతెన కింది సంచులతో. ఏరిన చెత్తను వంతెన దగ్గర పెడితే మున్సిపాలిటీ బండి వచ్చి తీసుకెళ్తుంది. కొన్నాళ్ళుగా శనివారం వీళ్ళు వెళ్ళేసరికే అక్కడ ఎవరివో సంచులు కూర్చుని ఉంటున్నాయి. పల్చటి నీలం సంచులు, ఇళ్ళల్లో చెత్తబుట్టకు తొడిగేవి.

"మనం ఊడుస్తుంటే ఎవరో ఇంటి చెత్త తెచ్చి మన నెత్తిన పోస్తున్నారు," అంది బస్సావిడ.

"ఈమధ్య ఈ చుట్టుపక్కల ఎవరెవరో చేరుతున్నారు కదా," అన్నాడు టోపీ పెద్దాయన. ఎండున్నా లేకున్నా టోపీ తియ్యని మనిషి. ఆ మాట అంటూ ఆయన ఆరాలమ్మ వైపు చూడలేదు. పనిగట్టుకుని చూడకపోవడం ఆమెకు చూసినదానికంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ ఉక్రోషంతోనే ముందుకెళ్ళి ఒక సంచి ఎత్తబోయి, మూతి దగ్గర చెయ్యి ఆపేసింది. సంచిని గుడ్డపీలికతో కట్టారు. వంకాయరంగు అంచు, దాని మీద జరీ చుక్కలు. అది చీర అంచు. చీర అంచేమిటి, ఏ చీరో కూడా ఆమెకు తెలుసు. పోయినేడు తన చేత్తో తనే ఆడపడుచుకు పెట్టిన చీర.

ఆరాలమ్మ చుట్టూ చూసి, ముడి విప్పి, పీలికను కోటు జేబులో కుక్కుకుంది. మిగతా సంచులవీ అలాగే విప్పింది.

ఆడపడుచును ఇంట్లో అందరూ పిచ్చిక అంటారు. మొగుడికి ఒక్కగానొక్క చెల్లెలు. సన్నగా, చప్పుడు లేకుండా ఉంటుంది. ఆమె భర్త దూరప్రాంతాలకు లారీ తోలుతాడు, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. పిచ్చిక ఒక హోటల్లో దుప్పట్లు ఉతికి మడతపెట్టే పనికి తెల్లవారుతుండగానే వెళ్తుంది. కాలువ గట్టే ఆమె దారి. ఆ చుట్టుపక్కల చీర అంచులుండే ఇళ్ళు రెండే రెండు. ఒకటి తనది, రెండోది పిచ్చికది.

మొగుడితో చెబుదామా అనుకుంది. చెల్లెలి మీద ఈగ వాలనివ్వని మనిషి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నోరు మూసుకుని, మర్నాడు తనే పిచ్చిక ఇంటికి వెళ్ళింది.

"ఆ వంకాయరంగు అంచు చీర కట్టడం లేదేమే ఈమధ్య?"

"చిరిగిపోయింది వదినా."

"ఎక్కడ చిరిగింది?"

"చీర ఎక్కడ చిరుగుతుంది? కట్టుకున్న చోటే."

"చిరిగినదాన్ని ఏం చేశావు?"

"టీ తాగుతావా వదినా?"

టీ పెడుతుంటే ఆరాలమ్మ వెనకే వంటగదిలోకి వెళ్ళింది. పొయ్యి గట్టు కింద నీలం సంచుల చుట్ట ఉంది. చెత్తబుట్టలోకి తొంగిచూస్తే ఉల్లిపొట్టు తప్ప ఏమీ లేదు.

"చెత్త ఎక్కడ పారేస్తున్నావే?"

"కింద డబ్బాలో. ఇంకెక్కడ పారేస్తారు?" అంటూ పిచ్చిక తళతళలాడుతున్న గట్టునే మళ్ళీ తుడిచింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

దారంతా ఆరాలమ్మ బుర్రలో కథలే కథలు. కింద డబ్బాలున్నాక కాలువ దాకా ఎందుకు మొయ్యాలి? ఇరుగుపొరుగు కంట పడకూడనిది ఏముంది? లారీలో పిచ్చిక మొగుడు ఏమైనా తెస్తున్నాడా? మంచివాడే. మంచివాళ్ళనే కదా ఎవరూ అనుమానించనిది!

తరవాతి శనివారం మళ్ళీ సంచులు. మళ్ళీ పీలికలు. ఈసారి ముడి విప్పి జేబులో పెట్టుకుంటూ తలెత్తేసరికి ఎదురుగా బస్సావిడ.

"జేబులో ఏం పెట్టుకున్నారు?"

"చేతిరుమాలు."

జేబు అంచున జరీ తళుక్కుమంటూ బయటికి వేలాడుతోంది. బస్సావిడ దాన్ని చూసింది. ఆరాలమ్మ మొహాన్నీ చూసింది. "వచ్చేవారం మున్సిపాలిటీ వాళ్ళు వంతెన కింద కెమెరా పెడుతున్నారు," అని మాత్రం అని వెళ్ళిపోయింది.

ఆ రోజు టోపీ పెద్దాయన ఎందుకో ఆరాలమ్మ వెనకే నడిచాడు. మెట్ల మీద ఎదురైతే కుశలం అడగనిదే కదలని బస్సావిడ ఆ తరవాత తల మాత్రం ఊపి వెళ్ళిపోతోంది. ఒక సాయంత్రం ఆరాలమ్మ చెత్త పారేయడానికి కిందికి దిగితే, బస్సావిడ డబ్బాల దగ్గర ఏ పనీ లేకుండా నిలబడి, ఆమె చేతిలోని సంచి రంగు చూసింది. ఇన్నాళ్ళూ లోకాన్ని ఆరా తీసిన మనిషికి తనను ఒకరు ఆరా తీస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. వీపు మీద గొంగళిపురుగు పాకుతున్నట్టుంది.

తను బయటపడాలంటే ఆడపడుచు పేరు చెప్పాలి. చెబితే ఇంటి పరువు పోతుంది, మొగుడు జన్మలో క్షమించడు. చెప్పకపోతే కెమెరా చెబుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కెమెరా రాకముందే పిచ్చికను చేతులారా పట్టుకుని ఆపాలని, ఒక తెల్లవారుజామున పీలికలన్నీ గుప్పిట్లో పెట్టుకుని కాలువ గట్టు పొదల పక్కన కాపు కాసింది.

వెలుగు వస్తుండగా పిచ్చిక వచ్చింది. చేతిలో నీలం సంచి ఉంది. కానీ ఖాళీది. గాలికి జెండాలా ఊగుతోంది.

ఆరాలమ్మకు అర్థం కాలేదు. పిచ్చిక పదడుగులు వేసింది, వంగింది, ఒక సీసా తీసి సంచిలో వేసింది. ఇంకాస్త నడిచి నీళ్ళ అంచున రెల్లులో చెయ్యి పెట్టి తడి కాగితమేదో లాగింది. గ్లోవ్సు లేవు, పట్టుకర్ర లేదు. వంతెన చేరేసరికి సంచి నిండింది. నడుముకు చుట్టుకున్న పీలిక తీసి మూతి కడుతుంటే ఆరాలమ్మ ఇక ఆగలేకపోయింది.

"ఎవరిదే ఆ చెత్త?"

పిచ్చిక ఉలిక్కిపడి సంచి వదిలేసింది. "వదినా! నాకేం తెలుసు? దారిలో ఉన్నదే."

"దారిలో ఉంటే నీకెందుకు?"

పిచ్చిక మలుపు వైపు చూపించింది.

"వచ్చిన కొత్తలో, అదిగో అక్కడ, నా కాళ్ళ దగ్గర ఒక డబ్బా పడుంది. కుక్కతో వస్తున్న ఒకాయన ఆగి, డబ్బా వైపు వేలు చూపించాడు, నావైపు చూపించాడు, గట్టిగా ఏదో అన్నాడు. నాకు ఒక్క ముక్క రాదు కదా. కాదని తల ఊపాను. ఇంకా గట్టిగా అన్నాడు. ఏం చెయ్యను, వంగి తీశాను. తీస్తే నాదేనని ఒప్పుకున్నట్టే కదా వదినా! ఆయన 'ఊఁ, అదీ' అన్నట్టు తలాడించి వెళ్ళిపోయాడు. ఎక్కడ పడేస్తే ఏమంటారోనని ఆ డబ్బా ఇంటిదాకా మోసుకుపోయాను."

"ఆఁ?"

"అప్పట్నించి దారిలో ఏమున్నా నాదే అంటారేమోనని భయం. తీసేస్తే గొడవుండదు కదా. మీ బండి ఇక్కడికే వస్తుందని ఇక్కడ పెడుతున్నా."

"మాతో రావచ్చు కదే!"

"అందరిలో మాట్లాడాలి."

"నాకైనా చెప్పొద్దూ?"

"నీకా? ఒకటి చెబితే పది అడుగుతావు." అంటూనే పిచ్చిక చూపు వదిన గుప్పిట మీద పడింది. వేళ్ళ సందుల్లోంచి వంకాయరంగు పీలికలు వేలాడుతున్నాయి. "ఇవన్నీ నువ్వే తీశావా? ఇంత పొద్దున ఇక్కడ నీకేం పని?"

ప్రశ్నలే తప్ప జవాబులు అలవాటు లేని ఆరాలమ్మ గుప్పిట వీపు వెనక్కి పెట్టుకుంది.

"నేనే పారేస్తున్నాననుకున్నావా?" పిచ్చిక గొంతు పెరగలేదు. "ఆ కుక్కతో వచ్చినాయనకైతే నేనెవరో తెలీదు. నీకు తెలుసు కదా వదినా."

సంచిని అక్కడే వదిలి పనికి వెళ్ళిపోయింది. ఆరాలమ్మ ఆ సంచి పక్కనే మెట్టు మీద చాలాసేపు కూర్చుండిపోయింది.

శనివారం అందరూ చేరగానే ఎవరూ అడగకముందే ఒక నీలం సంచి తీసి నేల మీద బోర్లించింది. "చూడండి. ఒక్క కూరగాయ తొక్కుందా? ఒక్క గుడ్డుపెంకుందా? ఇంటి చెత్త ఇలా ఉంటుందా?" సీసాలు, డబ్బాలు, బురద పట్టిన కాగితాలు, గోరంత మడతలు పెట్టిన చాక్లెట్ కాగితాలు. అన్నీ గట్టు మీదివే. "మా ఆడపడుచు పనికి వెళ్తూ రోజూ ఏరి పెడుతోంది."

"మరి ఆ గుడ్డపీలికలు ఎందుకు దాచారు?" అంది బస్సావిడ.

"తనే పారేస్తోందనుకున్నాను. మీరు నన్ను అనుకున్నట్టే, నేను దాన్ని అనుకున్నాను."

బస్సావిడ మొహం కందిపోయింది. చేతి గ్లోవ్సు తీసి మళ్ళీ తొడుక్కుంది. టోపీ పెద్దాయన మాత్రం, "ఏమైనా కెమెరా ఉండనివ్వండి. ఇవన్నీ పారేసేవాళ్ళు ఎవరో ఉన్నారుగా," అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ మాట ఈసారి ఆయన ఆరాలమ్మ మొహం చూసే అన్నాడు.

బస్సావిడ పిచ్చిక కోసం కొత్త గ్లోవ్సు, పట్టుకర్ర ఇచ్చి పంపింది. పిచ్చిక వాటిని తీసుకుని తలుపు వేసుకుంది. అంతే. పిలిచినా ఇంటికి రాలేదు. సంగతి తెలిశాక మొగుడూ ఉలుకూ పలుకూ మానేశాడు. అన్నం పెడితే తిన్నాడు, లేచాడు. ఆరాలమ్మ ఫోన్లో "తప్పయిందే" అంటే అవతలి నుంచి "సరే వదినా" అని వచ్చేది. ఆ 'సరే'లో ఏముందో ఎంత తవ్వినా అందలేదు.

కొన్ని వారాలకు ఒక ఆదివారం పిచ్చికే వచ్చి గుమ్మంలో నిలబడింది. చెప్పులు విప్పలేదు.

"ఆ మాట ఇక్కడి భాషలో ఎలా అనాలి వదినా?"

"ఏ మాటే?"

"'ఇది నేను వెయ్యలేదు' అని."

ఇద్దరూ కాలువ గట్టు మీదికే వెళ్ళారు. ఆరాలమ్మ చెప్పింది, పిచ్చిక అంది. మొదట తనకు తనే చెప్పుకున్నట్టు గొణిగింది.

"అలా అంటే కుక్క కూడా వినదు. గట్టిగా అనవే."

అంది.

"నన్ను తిట్టాలనుంది కదా? ఆ కోపమంతా పెట్టి అను."

పిచ్చిక మలుపు దగ్గర ఆగి, పట్టుకర్ర నేలకు తాటించి, ఒక్క అరుపు అరిచింది. "ఇది నేను వెయ్యలేదు!" నీళ్ళ మీది బాతులు లేచాయి. సరిగ్గా అప్పుడే మలుపు తిరిగి పరుగెత్తుకొస్తున్న ఒక బట్టతలాయన ఠక్కున ఆగి, పిచ్చిక చేతిలోని కర్రనూ, కింద పడున్న సీసానూ చూసి, రెండు చేతులూ పైకెత్తాడు.

"నేను కూడా వెయ్యలేదండీ!"

పిచ్చిక నవ్వు ఆపుకోలేక గట్టు మీద చతికిలబడింది. ఆరాలమ్మ నవ్వుతూనే, అతను కనుమరుగయ్యేదాకా చూసి అడిగింది.

"అడక్కుండానే ఎందుకు చెప్పాడంటావు?"

"వదినా!" అంది పిచ్చిక.