మహాలయ అమావాస్య నాటి కార్బ్యురేటర్

మహాలయ అమావాస్య నాడు ఉమామహేశ్వరరావు పంతులు గారు చెయ్యవలసిన పనులు ఇవీ: తెల్లవారకముందే లేచి శివాలయంలో దీపం పెట్టడం. నల్ల నువ్వులు, దర్భలు, బియ్యప్పిండి సంచిలో సర్దుకోవడం. టెక్కలిలోనే రెండిళ్లలో తర్పణాలు వదిలించడం. బాబీ షాపుకెళ్లి, కొత్త కార్బ్యురేటర్ వేయించిన బండి తెచ్చుకోవడం. ఆ తర్వాత, రమేష్ రైలెక్కేలోగా భావనపాడు సముద్రం దగ్గరికి చేరుకోవడం.

మొదటి మూడూ ఏటేటా ఉన్నవే. చివరిది మాత్రం ఆయన మాటిచ్చి నెత్తికెత్తుకున్న పని.

టెక్కలిలో బండ్లు బాగుచేసే బంగారయ్య పోయి ఏడాది దాటింది. పంతులు గారి చిన్న బండిని అన్నాళ్లూ నడిపించింది ఆ చెయ్యే. బంగారయ్యకు పిల్లలు లేరు. షాపు బాబీ తీసుకున్నాడు. బంగారయ్య భార్య సింహాచలమ్మ నందిగాంలో పుట్టింటి పంచన ఉంటోంది. మొన్న గుడికొచ్చి మెట్టు మీద కూర్చుంది.

"మా మరిది కొడుకు రమేసు చెన్నై నుంచి వచ్చినాడు బాబూ. అమావాస్య మజ్జానమే మళ్లీ రైలు. ఈలోగా వాడి సేత మా ఆయనికి ఓ సుక్క నీలు వదిలించీ. ఇంకేటీ అడగను."

"తప్పకుండా వస్తానమ్మా" అన్నారాయన.

రెండిళ్ల తర్పణాలయ్యేసరికే గొంతు ఎండిపోయింది, మోకాళ్లు పీకుతున్నాయి. సన్నగా జల్లు పడుతోంది. షాపుకెళ్లి చూస్తే బండి ఇంకా పొట్ట విప్పుకునే ఉంది. పాత కార్బ్యురేటర్ కాగితం మీద పడి ఉంది. నౌపడ ఉప్పుమళ్ల గాలి తిని తిని దాని ఒళ్లంతా తెల్లగా పొక్కిపోయింది.

"దీన్ని ఊరగాయెట్టుకోవచ్చు పంతులు గారూ. ఉప్పు సరిపోయింది" అన్నాడు బాబీ.

"నిన్ననే అయిపోవాలి కదయ్యా!"

"సామాను ఇప్పుడే దిగింది. నన్నేటి సెయ్యమంటారు?"

కొత్తదాన్ని బిగించాడు, పెట్రోలు ట్యూబు తొడిగాడు, చోక్ ఎత్తి కిక్కు కొట్టాడు. చల్లటి ఇంజిన్ కాసేపు గొణిగి అందుకుంది. వెనక ఇంకో రెండు బండ్లవాళ్లు తొందరపెడుతున్నారు. బాబీ స్క్రూలు గబగబా తిప్పాడు. శబ్దం నిలకడగా వచ్చింది.

"సూసారా, గడియారంలా కొట్టుకుంటంది. ఎలిపోండి."

ఆయనకీ అదే తొందర. సంచి తగిలించుకుని ఎక్కారు.

ఊరు దాటగానే ఆయన చెయ్యి దానంతటదే చోక్ దించేసింది. బంగారయ్య నేర్పిన అలవాటది. "ఇంజిన్ ఏడెక్కినాక చోక్ ఎందుకు పంతులూ? పెట్రోలు తాగి తందనాలాడతాది" అనేవాడు. నౌపడ ఉప్పుమళ్ల దగ్గర లారీ అడ్డొస్తే వేగం తగ్గించారు. బండి టక్కున ఆగిపోయింది.

కిక్కు కొడితే లేస్తోంది, యాక్సిలరేటర్ మీద చెయ్యి వదిలితే చచ్చిపోతోంది. చోక్ ఎత్తి చూశారు. నల్లటి పొగ కక్కి మళ్లీ ఆగింది. పంచె పైకి దోపుకుని కొడుతూనే ఉన్నారు. కొట్టే కాలికి సత్తువ లేదు. సముద్రం దగ్గర సింహాచలమ్మ ఎంగిలిపడకుండా కూర్చుని ఉంటుంది. రమేష్ సెల్లు చూసుకుంటూ ఉంటాడు.

ఉప్పు గంప దింపుకుంటున్న ఒకావిడ కేకేసింది. "పంతులు గారూ, బండికి కూడా మంత్రం సదవండి!"

"చదివానమ్మా. దానికి వినపడలేదు."

నవ్వేసి, గట్టు మీద కూలబడ్డాక అప్పుడు తట్టింది. బాబీ చోక్ ఎత్తి ఉంచే ట్యూన్ చేశాడు. చోక్ దించగానే ఇంజిన్‌కి పెట్రోలు చాలడం లేదు, ఎత్తితే వేడి ఇంజిన్‌కి ఎక్కువైపోతోంది.

బండి పక్క డబ్బాలో బంగారయ్య వదిలిన చిన్న స్క్రూడ్రైవర్ ఉంది. దాన్ని ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు. బంగారయ్య ట్యూన్ చేసేటప్పుడల్లా పక్కన నిలబెట్టి, "కల్లు మూసుకో పంతులూ. మంత్రంలో అచ్చరం తప్పితే పట్టీసే సెవులు గదా నీవి, ఇంజిన్ తప్పితే పట్టనేవా?" అని ఎగతాళి చేసేవాడు. ఆ ఎగతాళే ఇప్పుడు దిక్కయింది.

చోక్ దించి, కిక్కు కొట్టి, ముందు స్లో స్క్రూ బిగించి ఇంజిన్ వేగం పెంచారు. ఇక చెయ్యి వదిలినా ఆగలేదు. కళ్లు మూసుకుని, గాలి పాలు మార్చే ఎయిర్ స్క్రూ కొంచెం అటు తిప్పారు. శబ్దం నీరసపడింది. ఇటు తిప్పారు. పుంజుకుంది. ఇంకాస్త తిప్పితే మళ్లీ తడబడింది. బాగా పుంజుకున్న చోటికి వెనక్కొచ్చి ఆపేశారు. స్లో స్క్రూ మెల్లగా వదులు చేశారు. వేళ్లు చురుక్కున కాలాయి. చెయ్యి తీసేశారు. ఇంజిన్ ఆగలేదు. జల్లులో నిలబడి, తనపాటికి తాను కొట్టుకుంటూనే ఉంది.

స్టేషన్ వైపు నుంచి మధ్యాహ్నం రైలు కూత వినిపించింది.

భావనపాడు ఇసుకలో సింహాచలమ్మ ఒక్కతే ఉంది, ఒళ్లో చెంబు పెట్టుకుని.

"ఆకరి దాకా సూసినాడు బాబూ. కాలుకాలిన పిల్లిలా తిరిగినాడు. పనిలోకి రాపోతే కంట్రాక్టరు ఊరుకోడంట. ఎలిపోనాడు."

"బండి ఆగిపోయిందమ్మా" అన్నారాయన, తల ఎత్తకుండా.

"మా ఆయన సూసిన బండి ఆగడవేటి?"

"కార్బ్యురేటర్ కొత్తది."

"అదీ, అలా సెప్పు." ఆమె కాసేపు ఇంజిన్ శబ్దం వింది. "ఇప్పుడు బానే కొట్టుకుంటంది గదా. ఎవులు సేసినారు?"

"నేనే. ఆయన చెప్పినట్టు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. ఆయన బండి ఆపి, సంచిలోంచి దర్భలు తీశారు.

"నేను వదులుతానమ్మా. స్నేహితుడికీ, గురువుకీ కూడా వదలొచ్చు."

"నీకాయన ఏటవుతాడు బాబూ?"

ఆయన దర్భ వేలికి చుట్టుకున్నారు. "రెండూ అవుతాడు" అన్నారు. "మీ గోత్రం ఏమిటి?"

"ఏటో, మాకెవులూ సెప్పనేదు."

"తెలియనివాళ్లకి కాశ్యప గోత్రం."

మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగారు. పొద్దుట్నుంచీ ఎవరెవరి తండ్రులకో, తాతలకో మంత్రం చెప్పిన నోరు, బంగారయ్య పేరు దగ్గర ఒక్కసారి ఆగి మళ్లీ అందుకుంది. నువ్వులతో కలిసి దోసిట్లోంచి నీళ్లు జారాయి. కాలిన వేళ్లకి ఉప్పు తగిలి మండింది. ఎంత కడిగినా చేతులు ఇంకా పెట్రోలు వాసనే.

ఒడ్డున సింహాచలమ్మ దండం పెట్టుకుని నిలబడింది. ఆ తర్వాత, పొద్దుట్నుంచీ మూట విప్పని అటుకులు తీసి, ముందు ఆయనకు పెట్టింది.

మీలో ఎవరైనా వచ్చే అమావాస్యకు సముద్రానికో, ఏటికో వెళ్తే, మీవాళ్ల పేర్లన్నీ అయ్యాక దోసిట్లో ఇంకో చుక్క మిగిలితే, టెక్కలి మెకానిక్ బంగారయ్యను కూడా తలుచుకోండి. కాశ్యప గోత్రం అనండి, చాలు.