పదిహేడు అంగుళాల అబద్ధం

నేను ఒక దర్జీ టేపుని. అరవై అంగుళాల పసుపుపచ్చ గుడ్డ పట్టీని. నా మీద ఏ కేసూ లేదు, నన్నెవరూ బోనెక్కించలేదు. అయినా ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చిన పాపంలో నాకూ వాటా ఉంది. తలవంచుకునే చెబుతున్నాను, వినండి.

ఎక్కడో మిల్లులో పుట్టాను. అంకెలు అచ్చువేసి, చుట్టచుట్టి, డజన్ల లెక్కన పెట్టెలో కుక్కారు. చీరాలలో దారాలు, బొత్తాలు అమ్మే కొట్లో నన్ను నాగూర్ మాస్టారు కొన్నాడు. ఆయన మెడలో పడ్డాకే నాకు మనుషులు తెలిశారు. నడుము కొలిచేటప్పుడు పొట్ట లోపలికి లాక్కోని మగాడు లేడు. నేను నిజం చెబుతాను, వీళ్ళు అబద్ధమాడతారు అని నవ్వుకునేదాన్ని. ఆ గర్వం ఎంతోకాలం నిలవలేదు.

మాస్టారికి మణికట్ల దగ్గర, మోకాళ్ళ దగ్గర చర్మం కింద గట్టి బుడిపెలుండేవి. ఎముకల మీద గడ్డలు మొలిచే అరుదైన జబ్బు అది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది. ఆయన వాటిని "నా బొత్తాలు" అనేవాడు. అవి ఆయన్ని ఏమీ చేయలేదు. డెబ్బై దాటాక గుండెపోటుతో పోయాడు. ఆయన కూతురు మస్తానమ్మకు దక్కినవి రెండు: ఆ జబ్బూ, నేనూ.

మస్తానమ్మ ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. ఒక భుజం దిగినవాళ్ళకు మెత్త పెట్టి సమం చేసేది, నడుం లేనివాళ్ళకు నడుం తెచ్చేది. తన ఒంటి మీది గడ్డలు మాత్రం మోచేతులు దాటిన జాకెట్టు చేతుల కింద, కుచ్చిళ్ళ కింద దాచేది. కుడి మోకాలి పైన, తొడలో ఉన్నది అన్నిటికన్నా పెద్దది.

గుంటూరులో ఎముకల డాక్టరు ఆమెకు స్పష్టంగానే చెప్పాడు. "ఎదిగే వయసులో ఇవి పెరగడం మామూలే. ఎదుగుదల ఆగాక ఇవీ ఆగిపోవాలి. ఆ తరవాత ఏదైనా పెరిగినా, కొత్తగా నొప్పి పెట్టినా ఊరుకోవద్దమ్మా. నూటికి ఇద్దరు ముగ్గురిలో కేన్సరుగా మారుతుంది. ఏటా వచ్చి చూపించుకో. మధ్యలో ఇంట్లో కొలుచుకుంటూ ఉండు."

ఆ చివరి మాటే ఆమెకు నచ్చింది. మూడు నెలలకోసారి తలుపేసుకుని తొడ చుట్టూ నన్ను చుట్టేది. పదిహేడు. క్యాలెండరు మీద రాసేది. మళ్ళీ పదిహేడు. ఇక గుంటూరు దేనికి? రెండేళ్ళు అట్లాగే గడిచాయి.

ఒకరోజు వడ్రంగి వీరాచారి చెక్కపలక మోసుకుంటూ వచ్చాడు. కత్తిరింపు బల్ల మీద పరవడానికి మస్తానమ్మే కొలత ఇచ్చింది. పలక పరిస్తే అంగుళం పొట్టి.

"ఏందయ్యా ఆచారీ, నలభై ఏడు చెప్తే ఎంతకి కోశావు?"

"నలభై ఏడుకే కోశానక్కా. నీ బల్ల నలభై ఎనిమిది." స్టీలు టేపు లాగి చూపించాడు. నన్ను పక్కన పరిచి నవ్వాడు. "నీ టేపు సాగిందక్కా! ముసల్దాని చెవి తమ్మెలాగా వేలాడతా ఉంది."

"నా టేపునంటే ఊరుకోను. దీంతో కుట్టిన జాకెట్టు ఒక్కటన్నా తిరిగొచ్చిందా?"

"ఎందుకొస్తది? దీంతోనే కొలుస్తావు, దీంతోనే కోస్తావు. దొంగా నువ్వే, పోలీసూ నువ్వే!"

మస్తానమ్మ నవ్వబోయి ఆగిపోయింది. ఆచారి వెళ్ళగానే కొత్త టేపు తెప్పించి తలుపేసుకుంది. పద్దెనిమిది.

మర్నాడే గుంటూరు. స్కాను, ముక్క తీసి పరీక్ష. కేన్సరే. ఇంకా పక్కలకు పాకలేదు. తొడ ఎముకలో కొంత తీసేసి లోహపు కడ్డీ వేశారు. కాలు దక్కింది గానీ మోకాలు మునుపట్లా వంగదు. చేతికర్ర వచ్చింది. మరో ఏడాది ఆగి ఉంటే కాలే పోయేదన్నారు.

వీధంతా నన్నే తిట్టింది. నేను నోరెత్తలేదు. ఎత్తగలిగితే ఒక్క లెక్క చెప్పేదాన్ని. నలభై ఎనిమిదికి అంగుళం సాగినదాన్ని, పద్దెనిమిది దగ్గర అంగుళంలో మూడో వంతు, మహా అయితే ఇంకాస్త, అంతే దాచగలను. మిగతాది ఎక్కడ పోయిందో తెలిసినవాళ్ళం ఇద్దరమే.

నెల తరవాత, ఒక ఉదయం. మస్తానమ్మ కూతురు నస్రీన్ నన్నే తాడుగా చేసి గుడ్డపీలికల మూట కడుతోంది. డిగ్రీ చదివే పిల్ల. మణికట్ల దగ్గర తాతగారి బొత్తాలే.

"ఈ దిక్కుమాలిన టేపు వల్లే గదమ్మా ఇంతా!" అని ముడి బిగించింది.

మస్తానమ్మ గోడకేసి చూస్తూ చెప్పింది. "దాన్నెందుకే అంటావు? అది సాగింది కొంతే. పదిహేడు కనబడిందాకా బిగించి లాగింది నేను."

"అంటే... నీకు తెలుసా?"

"తెలుసు. నొప్పీ తెలుసు. ఆసుపత్రిలో వాళ్ళందరి ముందూ చీరెత్తి చూపించాలంటే సిగ్గేసింది. ఊళ్ళో వాళ్ళందరి కొలతలూ నాకు కావాల. నాది మాత్రం ఎవరూ చూడకూడదు."

నస్రీన్ ముడి వదిలేసి తల్లి పక్కకు జరిగింది. నెమ్మదిగా అంది.

"అమ్మా, తిట్టొద్దు. నా పచ్చ డ్రెస్సు రెండుసార్లు భుజం దగ్గర వదులు చేయించుకున్నా, గుర్తుందా? లావయ్యానని చెప్పా. లావు కాలేదమ్మా. వెనక, రెక్క ఎముక మీద... పోయినేడు నించి పెరుగుతా ఉంది."

ఆ రెండుసార్లూ కుట్లు విప్పింది మస్తానమ్మే. భుజాలు కొలిచింది నాతోనే. ఇద్దరం ఆ పిల్ల వీపును తాకాం. ఇద్దరం ఏమీ పట్టించుకోలేదు.

మస్తానమ్మ చెయ్యి అలవాటుగా మిషను మీదున్న కొత్త టేపు వైపు వెళ్ళింది. దాన్ని అందుకోకుండానే వెనక్కి తీసుకుంది.

"కొలవను," అంది. "చెప్పులేసుకో. పది గంటలకు గుంటూరు బస్సుంది."

"చూపించాలంటే సిగ్గమ్మా..."

"నాకూ అంతే. లోపలికి ఇద్దరం పోదాం. ముందు నేను చూపిస్తా, నా వెనక నువ్వు."

చేతికర్ర గడప దాటింది. ఆ వెనకే పిల్ల చెప్పుల చప్పుడు.