ముందు చెంచా, మిగిలిన అడుగు

మా అత్తగారు ఆకుమందు ఎవరికిచ్చినా ముందు ఒక చెంచాడు తాను మింగేది. వచ్చినవాళ్ల కళ్లెదుటే మింగాలి, అది ఆవిడ పెట్టుకున్న నియమం. గిన్నె అడుగున మిగిలింది నా చేతికిచ్చి, "నాకెయ్" అనేది. పెళ్లయిన పదకొండేళ్లుగా ఆ చేదంతా నా పాలిటే పడింది. చుక్క పారెయ్యనివ్వని పిసినారి అని మా ఆయన దగ్గర ఎన్నిసార్లు దెప్పానో లెక్కలేదు.

పైగా నా కూరకు వంక పెట్టనిదే ఆవిడకు ముద్ద దిగేది కాదు. అలాంటిది ఆవిడ జలుబు చేసి లేచాక, ఒక మధ్యాహ్నం నేను పరధ్యానంలో కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన మొదటి ముద్దకే కంచం నెట్టేశాడు. ఆవిడ కిమ్మనకుండా తిని లేచింది. ఆవిడకు రుచి తెలియడం లేదని అర్థమై భయం వేసింది.

ఎందుకంటే జ్వరానికి ఇచ్చే ఆకుకు కవల లాంటి ఆకు ఇంకొకటి ఉంది. ఎండితే రెండూ ఒక్కలాగే ఉంటాయి. మంచిది మొదట చేదుగా తగిలి చివర్న తియ్యబడుతుంది. రెండోది చివరిదాకా చేదే, తాగితే వాంతులు. ఆవిడ ఎప్పుడూ కోసేటప్పుడే నమిలి చూసుకునేది. ఈసారి ఆకు కట్ట కోసింది జలుబుతో ఉన్నప్పుడు.

మర్నాడు పొద్దున వడ్రంగి తన తల్లిని తీసుకొచ్చాడు. నాలుగు రోజుల జ్వరంతో పుల్లలా అయిపోయింది ముసలామె. వసారాలో ఇంకా ఐదారుగురున్నారు. అత్తగారు ఆకు నూరి, కాచి, వడగట్టి చెంచాడు మింగింది. కాసేపాగి ఇంకో చెంచాడు మింగింది. నేను నోరు తెరిస్తే ఆవిడ నలభై ఏళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. మూసుకుంటే ఆ ముసలి ప్రాణం తట్టుకోలేదు.

ఆవిడే అంది. "బాబూ, మూడు రోజులుగా నాకు రుచి తెలియడంలేదు. ఇవాళైనా తెలుస్తుందేమో అనుకున్నాను. తెలియకుండా మీ అమ్మ నోట్లో పొయ్యలేను."

"మీ చెయ్యి తప్పదమ్మా, ఇచ్చెయ్యండి," అన్నాడు వడ్రంగి.

"చెయ్యి తప్పకపోయినా ఆకు తప్పుతుందిరా." గిన్నె నా వైపు జరిపింది. "నువ్వు చూసి చెప్పు."

"నాకేం తెలుసు అత్తయ్యా?"

"పదకొండేళ్లు ఊరికే నాకించానా?"

నాలుక మీద వేసుకున్నాను. చేదు. తీపి కోసం ఆగాను. ఎంతసేపటికీ రాలేదు.

"ఇది కాదత్తయ్యా. రెండోది."

చుక్క పారెయ్యని మనిషి గిన్నెడు మందూ పెరట్లో ఒంపేసింది. "విన్నారుగా! నేను పొరబడ్డాను, నా కోడలు పట్టుకుంది," అని వసారా అంతటికీ వినబడేలా చెప్పింది. అంత పెద్ద మాట అంత తేలిగ్గా అనగలిగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

జలుబుకు ముందు కోసిన పాత కట్ట తీసి నేను కాస్తుంటే ఆవిడ పెరట్లో వాంతి చేసుకుని వచ్చింది. "నువ్వు చెప్పింది నిజమే," అంది మూతి తుడుచుకుంటూ. "సాయంత్రానికి జ్వరం దిగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లరా," అంది వడ్రంగితో.

కొత్త మందు అందరి ముందూ నేను మింగాను. చివర్న తీపి తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ముసలామె తాగాక, అలవాటుకొద్దీ అడుగు నాకబోయాను. అత్తగారు చెయ్యి చాచింది.

"ఇలా తే. ముందు చెంచా నీది. ఇక అడుగు నాది."